టరెట్ పన్నెండు గంటల దగ్గర

డిసెంబర్ రెండో మంగళవారం, 1010 గంటలకు మార్కమ్‌లో రిపోర్ట్ చేశాను. బయట మైనస్ పదహారు. ఈశాన్యం గాలి. స్కార్‌బరోలో మా అమ్మాయి అపార్ట్‌మెంట్ నుంచి రెండు బస్సులు, డెబ్బై నిమిషాలు. చివర మంచు తియ్యని పేవ్‌మెంట్ మీద పన్నెండు నిమిషాల నడక. ఒంటి మీద థర్మల్ బనియను, రెండు స్వెట్టర్లు, మా అల్లుడి పాత పార్కా కోటు. సంచిలో స్టీలు డబ్బా, పులిహోర. పోస్టింగ్: రిటైరైన ఒక గుండె డాక్టరు గారి బేస్‌మెంట్. వ్యవధి: ఆరు వారాలు. ఆర్డరు: ముక్కలు అతికించి చేసే పాత ప్లాస్టిక్ ట్యాంకు బొమ్మ కిట్ ఒకటి బాగుచేసి, గణతంత్ర దినోత్సవానికి మా తెలుగు సంఘం వాళ్లు పెట్టే ఎగ్జిబిషన్‌కి తయారుచెయ్యాలి.

నవ్వకండి. ఇరవై రెండేళ్లు ఆర్మర్డ్ రెజిమెంట్‌లో పనిచేశాను. దఫేదార్‌గా, అంటే సార్జెంట్ హోదాలో రిటైరయ్యాను. అందులో పద్నాలుగేళ్లు టీ-55 ట్యాంకులో గన్నర్ని, అంటే ఫిరంగి తిప్పి గురిచూసేవాణ్ని. ఎడారిలో, కొండల్లో చాలా పోస్టింగులు చూశాను. కార్పెట్ వేసి, హీటర్ పెట్టి, గంటకోసారి టీ ఇచ్చిన ఈ పోస్టింగ్ తలుచుకుంటే వేసినంత రోత దేనికీ వెయ్యదు. ఆ రోతలో సగం నా మీదే.

మేం ముగ్గురం. కమాండర్ డాక్టరు గారు. ఎండాకాలంలో ఎవరి గరాజ్ ముందో అమ్మకానికి పెట్టిన సామాన్లలో ఆ కిట్ డబ్బా ఆయనకే దొరికింది. పెయింటర్ ఒక రిటైర్డ్ కెమికల్ ఇంజనీర్, హైదరాబాద్ మనిషి. రంగు స్ప్రే చేసే చిన్న మిషను, నలభై సీసాలు ఆయన సొంతం. మూడోవాణ్ని నేను. అసలు ట్యాంకు లోపల కూర్చున్నవాణ్ని నేనొక్కణ్నే. రేడియో సెట్ బదులు వాట్సాప్ గ్రూపు.

డబ్బా తెరిచాం. అసలులో ముప్ఫై ఐదో వంతు సైజు. పచ్చ ప్లాస్టిక్. స్టిక్కర్లు పసుపుపచ్చగా మాగిపోయాయి. నల్ల రబ్బరు చెయిన్లు ఏళ్ల తరబడి చక్రాలకి ఆనుకుని ఉండి ప్లాస్టిక్‌ని తినేశాయి. అడుగున మోటారుకీ బ్యాటరీకీ కన్నాలు. బొమ్మ కింద లెక్కకట్టి చేసిన కిట్ అది. టీ-55కి మొదటి చక్రానికీ రెండో చక్రానికీ మధ్య ఎడం ఎక్కువ ఉంటుంది. దూరం నుంచి ట్యాంకు ఏదో గుర్తుపట్టేది ఆ ఎడాన్ని బట్టే. కిట్‌లో అన్ని చక్రాలూ సమాన దూరంలో వరసగా ఉన్నాయి.

మొదటి వారం అడుగు కన్నాలు పుట్టీతో మూశాను. మొదటి చక్రం ఇరుసు కోసి ముందుకి జరిపి అతికించాను. ఫిరంగి గొట్టం రెండు సగాలుగా వచ్చింది. అతికించి, అతుకు కనపడకుండా నీటి ఎమెరీ పేపర్‌తో మూడు రోజులు రుద్దాను. రెండో వారం టరెట్, అంటే గొట్టంతో సహా చుట్టూ తిరిగే పైభాగం. అసలు టరెట్ పోతపోసిన ఉక్కు, గరుగ్గా ఉంటుంది. ప్లాస్టిక్ మీద పల్చటి జిగురు రాసి, మెత్తబడ్డాక పాత టూత్‌బ్రష్‌తో పొడిచాను. సరిగ్గా అదే గరుకు వచ్చింది. దాని మీద పట్టుకునే కమ్మీలు పెన్సిలంత లావున ఉంటే చెక్కేసి, చెడిపోయిన ఫోన్ చార్జర్ లోపలి రాగితీగ వంచి పెట్టాను. డాక్టరు గారి భార్య పాత జాకెట్టు లైనింగ్ ముక్క ఇచ్చారు. దానితో చాగల్ కుట్టాను. చాగల్ అంటే కాన్వాసు నీళ్లసంచి. ఎడారి గాలికి అందులో నీళ్లు చల్లబడతాయి. మా డ్రైవర్ తన హ్యాచ్ పక్కనే, అంటే తల బయటపెట్టే మూత పక్కనే కట్టుకునేవాడు. నేనూ అక్కడే కట్టాను. కిట్‌తో వచ్చిన డ్రైవర్ బొమ్మని ఆ హ్యాచ్‌లో తల బయటికి ఉండేలా కూర్చోబెట్టాను.

పని చేస్తున్నంతసేపూ బాగుండేది. ఒప్పుకుంటాను.

మూడో వారం మొదట్లో నా షరతు చెప్పాను.

"టరెట్ తిరగకూడదు డాక్టర్ గారూ. పన్నెండు గంటల దగ్గర పెట్టి అతికించెయ్యాలి." గడియారంలో పన్నెండు, అంటే గొట్టం నేరుగా ముందుకి.

"అదేంటండీ. తిరగడంలోనే కదా దాని అందం?"

"అదొక్కటే అడుగుతున్నా. మిగతాదంతా మీ ఇష్టం."

"సరే, మీ ట్యాంకు, మీ ఇష్టం," అన్నారాయన. నేనే జిగురు పెట్టి, గుడ్డ చుట్టి, ఒక రోజంతా కదపకుండా ఉంచాను.

మిగతాదంతా మీ ఇష్టం అన్నాను కదా, నాలుగో వారం దానికి తగిన శాస్తి జరిగింది. ఇంజనీర్ గారు సీసాలు బల్ల మీద పేర్చారు. ఒక సీసాలో తుప్పు. ఇంకోదాంట్లో బురద. మూడోదాంట్లో కారిన డీజిల్ మరక. అవును, బురద సీసాల్లో అమ్ముతారు. ఇరవై రెండేళ్లు నేను ట్యాంకు మీద తుప్పు గోకాను. గోరంత తుప్పు కనపడితే రైఫిల్ తలపైకెత్తి గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించేవారు. ఈయన బ్రష్షుతో ముద్దుగా తుప్పు అద్దుతుంటే ఒళ్లు మండిపోయింది.

"మా ట్యాంకుకి తుప్పు ఉండేది కాదండీ," అన్నాను.

"తుప్పు లేకుంటే రియలిస్టిక్ అనిపించది, దఫేదార్ సాబ్. వీడియోలల్ల అందరూ ఇట్లనే చేస్తున్నరు. సైడుకి ఒక హోల్ కూడా డ్రిల్ చేద్దామా? షెల్ తగిలినట్టు?"

"వద్దు."

"జర బ్లాక్ వేస్తే కాలినట్టు మస్తుంటది."

"వద్దన్నా కదా."

నా గొంతుకి మెట్ల మీద మేడం ఆగిపోయారు. డాక్టరు గారి భార్య. "అన్నయ్యగారూ, టీ పెట్టమంటారా?" అన్నారు మెల్లగా. కన్నం మాత్రం ఆగింది. తుప్పు ఆగలేదు.

ఐదో వారం డాక్టరు గారు గ్రూపులో, ట్యాంకు పక్కన పెట్టే అట్ట మీద రాయించబోయే మాటలు పంపారు. "ఎడారి యుద్ధంలో శత్రువుల్ని మట్టికరిపించిన మన వీరుడి ట్యాంకు." కింద నా పేరు. నేను బస్సులో ఉన్నాను. ఫోన్ చేశాను.

"అది యుద్ధం కాదండీ. నేను ఎడారిలో చేసింది ఎక్సర్‌సైజ్, ఉత్త యుద్ధాభ్యాసం."

"ఎక్సర్‌సైజ్ అంటే జనం జిమ్ అనుకుంటారు. ఇంతకాలం దేశం కోసం చేశారు, ఆమాత్రం రాస్తే తప్పేంటండీ? యు డిజర్వ్ ఇట్."

ఫోన్ పెట్టేశాను. నాలుగేళ్ల కిందట మొదటిసారి ఆ సంఘం స్టేజీ మీద నన్ను వీరుడన్నారు. శాలువా కప్పారు. అప్పుడే కాదని చెప్పాల్సింది. శాలువా వెచ్చగా ఉంది, చప్పట్లు బాగున్నాయి. నోరు మూసుకున్నాను.

టరెట్ ఎందుకు అతికించమన్నానో బేస్‌మెంట్‌లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతాను.

ట్యాంకులో నలుగురు. కమాండర్, గన్నర్, లోడర్, డ్రైవర్. డ్రైవర్ సీటు ముందు భాగంలో, ఎడమవైపు. హ్యాచ్ తెరిచి తల బయటపెట్టి నడుపుతాడు. ఎడారిలో మూత వేసుకుంటే ఉడికిపోతాడు. గొట్టం అతని తలకి కుడిపక్కగా ముందుకి పోతుంది. టరెట్ ఎడమకి తిప్పితే ఆ గొట్టం సరిగ్గా హ్యాచ్ మీదుగా వెళ్తుంది. అందుకని ఒక పద్ధతి. గన్నర్ ఇంటర్‌కమ్‌లో, అంటే హెల్మెట్‌లో ఉండే మైకు సెట్‌లో, "డ్రైవర్, హెడ్ డౌన్" అనాలి. డ్రైవర్ తల లోపలికి దించి "డౌన్" అనాలి. అది విన్నాకే తిప్పాలి.

మే నెల. రాజస్థాన్. నలభై ఆరు డిగ్రీలు. మధ్యాహ్నం 1540 గంటలు. స్క్వాడ్రన్ల మధ్య పోటీ. ఎవరి ట్యాంకు టార్గెట్ మీదకి ముందు గొట్టం తిప్పితే వాళ్లది గెలుపు. మేజర్ స్టాప్‌వాచ్ పట్టుకుని గుట్ట మీద నిలబడ్డాడు. "డౌన్" కోసం ఆగితే రెండు సెకన్లు పోతాయి. ఆ రెండు సెకన్లూ మింగెయ్యడం మా గన్నర్లకి అలవాటు. గొప్పగా కూడా చెప్పుకునేవాళ్లం. డ్రైవర్‌కీ అలవాటే. నా గొంతు వినపడగానే తల దించేసేవాడు.

"టార్గెట్, పది గంటలు," అన్నాడు కమాండర్. అంటే ఎడమవైపు.

"డ్రైవర్, హెడ్..." అన్నాను. నా మాట పూర్తికాకముందే నా చెయ్యి తిప్పేసింది. అప్పుడే డ్రైవర్ గాగుల్స్ పైకి తీసి, కళ్లలో పడ్డ ఇసుక తుడుచుకుంటున్నాడట. గొట్టానికి ఏదో తగిలిన సంగతి కూడా లోపల నాకు తెలియలేదు. కిందకి దిగి చూశాను. హెల్మెట్ కుడివైపు, చెవి పైన, చదునుగా అయిపోయి ఉంది. అంబులెన్స్ 1625కి వచ్చింది. అప్పటికే పోయాడు. నాకంటే రెండేళ్లు చిన్నవాడు.

మూడో రోజు ఎంక్వైరీ. గుడారం బయట కమాండర్ నా భుజం మీద చెయ్యి వేసి, ఇంటర్‌కమ్ చెడిపోయింది, అర్థమైందా, అన్నాడు హిందీలో. కాగితం మీద అదే రాశారు. నేను సంతకం పెట్టాను. అతని ఇంటికి వెళ్లిన ఉత్తరంలో కూడా అదే రాశారు. ఇంటర్‌కమ్ బ్రహ్మాండంగా పనిచేసింది. నా గొంతు నా చెవుల్లో నాకే వినపడింది.

ఇదీ సంగతి. ఆ టరెట్ ఇంకోసారి ఎడమకి తిరగడం చూడలేననే అతికించాను.

ఎగ్జిబిషన్ ఆదివారం. మైనస్ తొమ్మిది, పల్చగా మంచు పడుతోంది. 0940కి హాలు చేరాను. మా బల్ల ముగ్గుల పోటీకీ పచ్చళ్ల స్టాల్‌కీ మధ్య. ట్యాంకు కింద ఇసుక పరిచారు. పక్కన బంగారు అంచుతో అట్ట, వీరుడని.

టరెట్ పది గంటల దగ్గర ఉంది.

గొట్టం కిందకి వాలి, డ్రైవర్ హ్యాచ్ మీద అడ్డంగా ఉంది. కొత్త జిగురు మెరుస్తోంది.

"ఎవరు తిప్పారు?"

"నేనే విప్పిన," అన్నారు ఇంజనీర్ గారు సంతోషంగా. "స్ట్రెయిట్‌గ ఉంటే డెడ్‌గా ఉండె. ఇప్పుడు చూడుండ్రి, యాక్షన్ వచ్చింది కదా?"

"అక్కడ డ్రైవర్ బొమ్మ ఉంది."

"హా, తల అడ్డమొచ్చింది. జర ఫైల్ చేసిన. గొట్టం కింద కనపడదు."

వంగి చూశాను. ఆకురాయితో రుద్దిన చోటు. హెల్మెట్ కుడివైపు, చెవి పైన, చదునుగా. రంగు లేచిపోయి కింద పచ్చ ప్లాస్టిక్ కనపడుతోంది. భుజం మీద రాలిన పొడి కూడా ఎవరూ ఊదలేదు.

పచ్చళ్ల స్టాల్ వాసన భరించలేకపోయాను. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. తర్వాత చెప్పాను. పైన మీకు చెప్పినవన్నీ, అదే వరసలో, గొంతు తగ్గించకుండా. ఇంజనీర్ గారి ముఖం పాలిపోయింది. గొట్టం వెనక్కి తిప్పేద్దామని చెయ్యి చాపారు.

"తిప్పకండి. అలాగే ఉండనివ్వండి, జరిగింది అదే," అన్నాను. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

డాక్టరు గారు వాచీ చూసుకున్నారు. "ఇప్పుడెందుకండీ ఇవన్నీ? చీఫ్ గెస్ట్ పార్కింగ్‌లో ఉన్నారట. అయినా అది యాక్సిడెంట్ కదా. ఇంటర్‌కమ్మే అనుకుందాం. ఎవరికి నష్టం?"

ఆయన చెడ్డమనిషి కాదు. కానీ గుడారం బయట నా భుజం మీద పడ్డ చెయ్యి మళ్లీ పడినట్టయింది. ఛీ అనిపించింది. ముప్ఫై ఏళ్లు ఆ చెయ్యి కిందే హాయిగా బతికిన నన్ను చూసుకుంటే ఇంకా ఛీ అనిపించింది. అట్ట తిరగేశాను. ముగ్గుల పోటీవాళ్ల దగ్గర స్కెచ్ పెన్ అడిగి తెచ్చుకుని వెనక రాశాను.

"ఇది యుద్ధం కాదు. పోటీ. ఇంటర్‌కమ్ పనిచేసింది. డ్రైవర్ జవాబు వినకుండా టరెట్ తిప్పిన గన్నర్ని నేను."

కింద నా పేరు, ఆర్మీ నంబరు, ర్యాంకు. అట్ట ట్యాంకు ముందు నిలబెట్టాను. డాక్టరు గారు చీఫ్ గెస్ట్‌కి ఎదురెళ్లారు. అటునుంచి అటే ఆయన్ని స్టేజీ మీదకి తీసుకుపోయారు.

మేడం వచ్చారు. అట్ట మొదటి నుంచి చివరిదాకా చదివారు. కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

"ఆ అబ్బాయి పేరేంటి అన్నయ్యగారూ?"

చెప్పాను. ఎంక్వైరీ తర్వాత ఆ పేరు నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. ఆవిడ పెన్ను తీసుకుని, నా పేరుకి పైన, గుండ్రటి అక్షరాలతో ఆ పేరు రాశారు. ఎవరి పేరు పైన ఉండాలని నన్ను అడగలేదు.

1150కి బయల్దేరాను. ట్యాంకు అక్కడే వదిలేశాను. రెండు బస్సులు. స్కార్‌బరోలో దిగేసరికి మంచు ఆగింది. మా అమ్మాయి డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో ఎదురైంది. "ఎలా అయింది నాన్నా, అందరికీ నచ్చిందా?" అంది. లోపలికి రా, కూర్చో, చెబుతాను అన్నాను. షిఫ్టుకి ఆలస్యమైనా కూర్చుంది.

ఆరు వారాలు ఆ కిట్‌లో తప్పులు దిద్దాను. చక్రం జరిపాను, గరుకు తెచ్చాను, చాగల్ కట్టాను. ఇప్పుడు కళ్లు మూసుకుంటే వాటిలో ఒక్కటీ కనపడదు. ఏమీ తెలియని మనిషి, అందం కోసం ఆకురాయితో రుద్దిన చోటు కనపడుతుంది. కుడివైపు, చెవి పైన. కింద పచ్చ ప్లాస్టిక్. భుజం మీద ఎవరూ ఊదని పొడి.