వీపు మాత్రమే తీశారు

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఆదివారం చర్చి, మిగతా రోజులు పని, అంతే నా లోకం. ఇది ఎవరినీ భయపెట్టడానికి రాయడం లేదు. ఇన్నేళ్ళయినా ఒళ్ళు మంట తగ్గక రాస్తున్నాను.

మాది ముదిగొండ. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో టీవీ సీరియళ్ళకు హెయిర్ డ్రెస్సర్‌గా వెళ్ళేదాన్ని. ఖమ్మం బ్యూటీ పార్లర్లో పెళ్ళికూతుళ్ళకు మేకప్ వేసి చేయి తిరిగినదాన్నే. కానీ అప్పట్లో సీరియళ్ళలో మేకప్ వేయాలంటే కావాల్సిన యూనియన్ కార్డు ఆడవాళ్ళకు ఇచ్చేవాళ్ళు కాదు. జడలు ఆడవాళ్ళు వేయాలి, మొహాలు మగవాళ్ళు దిద్దాలి. ఎవడు రాశాడో ఆ శాసనం!

భద్రాచలం అవతల అడవిలో షూటింగ్. హీరోయిన్ వాగు దాటే సీను. ఆమె నీళ్ళలో దిగనంది. పక్క గూడెం నుంచి ముత్తమ్మ అనే అమ్మాయిని డూపుగా తెచ్చారు. హీరోయిన్ చీరే కట్టించి, సవరం పెట్టి జడ వేశాను. ఆమె నుదుటి మీద పెద్ద పచ్చబొట్టు ఉంది. కప్పుదామని కాస్త మేకప్ అద్దబోతే మేకప్‌మేన్ కసిరాడు.

"మొహం కనబడని మనిషికి మేకప్ ఎందుకమ్మా? నీ జడ నువ్వు చూసుకో."

ముత్తమ్మ నవ్వింది. "నేను ఎనకకు తిరిగితే ఏమైతది అక్కా?"

"షాట్ పాడైతది. ఎవరు పిలిచినా తిరగకు" అన్నాను. డూపుకు మొదటి పాఠం అదే.

ఆమె తిరగలేదు. షాట్ ఓకే అయింది. మానిటర్‌లో అందరం చూశాం. వీపు, జడ, నీళ్ళు. అయినా డైరెక్టర్ సేఫ్టీకి ఇంకొకటి తీద్దామన్నాడు. కెమెరా ఆన్ చేయకముందే ముత్తమ్మ నాచు పట్టిన రాయి మీద కాలు జారి పడింది. తలకు దెబ్బ. దవాఖానాకు చేరేలోపే ప్రాణం పోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె తమ్ముడు మేము దిగిన లాడ్జికి వచ్చాడు. ప్రొడక్షన్ మేనేజర్ తడుముకోలేదు. ఆమె మా యూనిట్ మనిషే కాదు, షూటింగ్ చూడటానికొచ్చి పడింది అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. జడ వేసింది నేనే అన్నాను. నోరు మూసుకో, రేపటి నుంచి పని ఉండదు అన్నాడు.

"మా అక్క మీ పనికే వచ్చింది సార్. గా ఒక్క మాట మా ఊర్ల చెప్పుండ్రి" అన్నాడు తమ్ముడు. "తమాషా చూడబోయి సచ్చిందని అందరు అంటుండ్రు."

మేనేజర్ ధీమాగా కెమెరామన్‌ను పిలిచి, లాడ్జి టీవీలో ఆ షాట్ టేపు పెట్టించాడు. వాగు దాటింది హీరోయినే, నీ కళ్ళతో చూసుకో అన్నాడు. వీపే కదా, ఎవరిదని చెప్పగలరు? అదే అతని తెగువ.

టీవీలో వాగు వచ్చింది. ఆ వీపు సగం దూరం వెళ్ళింది.

"అక్కా" అన్నాడు తమ్ముడు, మెల్లగా.

వీపు ఆగింది. తిరిగింది. ముత్తమ్మ నీళ్ళ మధ్య నిలబడి నేరుగా మా వైపు చూసింది. నన్ను కప్పనివ్వని పచ్చబొట్టు స్పష్టంగా కనబడింది.

కెమెరామన్ లేచి నిలబడి, ఇది నేను తీయలేదని ఒట్టు పెట్టుకున్నాడు. మేనేజర్ గబగబా టీవీ ఆపేశాడు. ఆ సాయంత్రమే గూడెం వెళ్ళి, ఆమె మా పనిలోనే పోయిందని పెద్దల ముందు ఒప్పుకున్నాడు. బతికున్నదాన్ని నేను మొత్తుకుంటే వినలేదు మరి!

తర్వాత ఆ ఎపిసోడ్ ఇంట్లో కూర్చుని చూశాను. అదే షాట్. వీపు వాగు దాటి వెళ్ళిపోయింది, తిరగలేదు. చివర పేర్లు పడ్డాయి. మేనేజర్ పేరుంది, మేకప్‌మేన్ పేరుంది. ముత్తమ్మ పేరు లేదు. ఆ పనికి మళ్ళీ నేను వెళ్ళలేదు.

ఎవరు పిలిచినా తిరగకు అని చెప్పాను. తమ్ముడు పిలిస్తే తిరిగింది. టేపులో ఉన్న మనిషికి ఆ పిలుపు ఎట్లా వినబడిందో ఈనాటికీ నాకు తెలియదు.