దుర్భిణికి రాసిన ప్రార్థన నూనె

ఇప్పుడు ఏ వస్తువు మొరాయించినా బాగుచేసేవాడికి కబురు పెడుతున్నాం గానీ, డెబ్బైల్లో మా ఇంట్లో ముందు మోకాళ్లూనేవాళ్లం. సైకిలు ట్యూబులో గాలి నిలవకపోయినా ప్రార్థనే, రేడియో గరగరలాడినా ప్రార్థనే. అది తప్పని ఈ వయసులోనూ అనను. నాకు ఇప్పటికీ మోకాళ్ల మీదే ధైర్యం. (మోకాళ్లే ఈమధ్య ఒప్పుకోవడం లేదు, అది వేరే సంగతి.) కాకపోతే ఆ రోజుల్లో నా భక్తి నోటితో ఆగేది కాదు, చేతుల్లోకి కూడా దిగేది. దాంతోనే వచ్చింది చిక్కంతా.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. విజయవాడ వన్ టౌన్‌లో, ఇనప సామాన్ల గోడౌన్ల మధ్య, తుపాకులు బాగుచేసే చిన్న షాపులో పని నేర్చుకుంటున్నాను. షాపు మా మేస్త్రి సాయిబుగారిది. గడ్డం నెరిసినా చూపు చెక్కుచెదరని మనిషి. రెండేళ్లపాటు నాచేత గొట్టాలు తుడిపించి, ఒకరోజు పామర్రు దగ్గరి కామందుగారి రైఫిలు తెచ్చి నా ముందు పెట్టారు. "దీనికి దుర్భిణి బిగించాలి. మొత్తం నువ్వే చెయ్యి. కుదిరిందా, వచ్చే నెల నుంచి నువ్వూ మేస్త్రివే. కుదరలేదా, ఇంకో పని చూసుకో అబ్బాయ్" అన్నారు. కామందుగారి చెరుకుతోటను అడవిపందులు పాడుచేస్తున్నాయట. బందరులో ఎవరి దగ్గరో మోజుపడి ఆ దుర్భిణి కొన్నారట. అందులోంచి చూస్తే దూరాన గోడమీది కాకి చుట్టంలాగా దగ్గరికొచ్చి పలకరించేది. మధ్యలో అడ్డంగా ఒక సన్నటి గీత, నిలువుగా ఒక గీత. మేస్త్రిగారికి అవి గురి గీతలు, నాకు మాత్రం సిలువ. అది కనబడగానే ఈ పని దేవుడు నాకోసమే పంపాడని తీర్మానించుకున్నాను. ఆ ఆదివారమే చర్చిలో సంఘం ముందు లేచి నిలబడి, పని కుదిరితే వచ్చే వారం దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెబుతానని కూడా మాటిచ్చాను.

పని బాగానే చేశాను, ఆ మాట చెప్పుకోవాలి. రైఫిలు వీపు మీద రెండు ఇనప దిమ్మలు, వాటిమీద రెండు కడియాలు, కడియాల్లో దుర్భిణి. తాపీమేస్త్రి గుండుతాడు ఒకటి గోడకు వేలాడదీసి, నిలువు గీత ఆ తాడుకు సరిపోయేలా దుర్భిణిని తిప్పాను. వెనక బోల్టు తీసి గొట్టంలోంచి చూస్తే ఎదురు డాబా మీద ఏ చుక్క కనబడుతుందో, దుర్భిణిలోనూ సిలువ మధ్యకు అదే రావాలి. వచ్చింది. అక్కడితో ఆగాల్సింది. మా సంఘంలో జబ్బుపడినవాళ్లకు పెద్దలు నూనె రాసి ప్రార్థిస్తారు. పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చిన నూనె సీసా ఎప్పుడూ నా జేబులో ఉండేది. మేస్త్రిగారు టీకి వెళ్లిన సమయంలో కడియాలు విప్పి, లోపల చుట్టూ వేలితో ఆ నూనె రాసి, కళ్లు మూసుకుని ప్రార్థించి, మళ్లీ బిగించాను. (పైన రాస్తే ఆయన కంటపడుతుందని లోపల రాశాను. తెలివి కూడా అక్కడే వాడాను.)

కామందుగారు రైఫిలు ఇంటికి తెప్పించుకున్నారు. మర్నాడు గురి సరిచూడ్డానికి నేనూ మేస్త్రిగారూ బస్సులో పామర్రు వెళ్లాం. మట్టికట్ట ముందు ఒక డబ్బా మూత నిలబెట్టి, దానిమీద సుద్దతో సున్నా గీశారు. కామందుగారి ముసలి పాలేరు రైఫిలు మోసుకొచ్చాడు. మేస్త్రిగారు యాభై గజాల నుంచి కాల్చారు. మొదటి గుండు సున్నాలోకే వెళ్లింది. నా గుండె నిండిపోయింది. రెండోది అంగుళం పక్కకు, మూడోది నాలుగంగుళాలు పక్కకు పోయాయి. ఆయన దుర్భిణి పక్కనున్న మర తిప్పి సరిచేశారు. నాలుగో గుండు అసలు మూతనే వదిలేసింది.

"ఏంటి సాయిబుగారూ, పందుల్ని కొట్టమంటే పక్కూరివాళ్లని కొట్టేట్టున్నారే!" అన్నారు కామందుగారు.

"ఆగండి బాబుగారూ. ఒరే అబ్బాయ్, మొత్తం ఊడదీసి మళ్లీ బిగించు."

రోగం మొదటి మోతాదుకు లొంగలేదనుకున్నాను. చెట్టు చాటుకు తీసుకెళ్లి ఊడదీసి, ఈసారి ఇంకాస్త ఎక్కువే రాశాను. ఆ తర్వాత గుళ్లు ఎటు వెళ్లాయో మట్టికట్టకే తెలియాలి.

మేస్త్రిగారు చెవి మీది పెన్సిలు తీసి, కడియం అంచున దుర్భిణి మీద గీత పెట్టి, ఇంకొకటి కాల్చారు. గీత కడియానికి దూరంగా జరిగిపోయింది. కడియం విప్పి, లోపల వేలు పెట్టి వాసన చూశారు. "నూనె! పొడిగా బిగుసుకోవాల్సిన చోట నూనె ఉంటే, దెబ్బ దెబ్బకీ జారదా మరి?"

కామందుగారు గిర్రున పాలేరు వైపు తిరిగారు. "నిన్న తుడవమంటే నూనె పోసి పెట్టావా? రేపట్నుంచి పనిలోకి రాబాక."

"నేను పొడిగుడ్డే పెట్టాను బాబూ, మా పిల్లల మీద ఒట్టు" అన్నాడు ముసలాయన. భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు గానీ దాన్ని ఏం చేయాలో తెలియనట్టు నిలబడ్డాడు.

నోరు మూసుకుంటే నా ఉద్యోగం నాకుంటుంది. ఆ క్షణంలో ప్రార్థన కూడా గుర్తు రాలేదు నాకు. "నేనేనండీ" అన్నాను.

"నువ్వా? ఎందుకురా?" అన్నారు మేస్త్రిగారు.

"ప్రార్థన చేసి రాశానండీ."

"ఎన్నిసార్లు?"

"రెండండీ. ఇందాక చెట్టు చాటున ఇంకోసారి."

కామందుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "ఓరి నీ దుంపతెగ, నా తుపాకీకి బాప్తిస్మం ఇచ్చావా! ఒరే తాతా, నువ్వు పోయి గడ్డి కోసుకో, నీ తప్పేం లేదులే." మేస్త్రిగారు మాత్రం నవ్వలేదు. కామందుగారి మోటారు సైకిల్లోంచి కాస్త పెట్రోలు తీసి, కడియాలు కడిగి, ఎండలో ఆరబెట్టి, తనే బిగించి గురి సరిచేశారు. తర్వాత మూడు కాల్చారు. మూడూ సున్నాలోనే.

తిరుగు బస్సు ఉయ్యూరు దాటింది. అప్పుడు మేస్త్రిగారన్నారు: "ఐదు పూటలా నమాజు చేస్తాను. ఏ పూటా మర బిగించమని అల్లాని అడగలేదురా. అది నా పని కదా." మళ్లీ ఆయనే, "మేస్త్రివి ఇప్పుడే కాలేవు. ఇంకో ఏడాది గొట్టాలు తుడువు" అన్నారు. వెళ్లిపొమ్మంటారేమోనని భయపడ్డవాణ్ణి, అదే పదివేలనుకున్నాను.

ఆదివారం సంఘంలో లేచి జరిగిందంతా చెప్పాను. పని కుదరలేదని కూడా చెప్పాను. ఆడవాళ్ల వైపు నుంచి నవ్వులు. పాస్టరుగారు మీసం చాటున నవ్వు ఆపుకుంటూ, "మరి ఇందులో దేవుడు చేసిందేంటి బాబూ?" అని అడిగారు. "ఆ తాత ముందు నా నోరు తెరిపించాడండీ" అన్నాను. నవ్వులు ఆగిపోయాయి. ఎవరో మెల్లగా ఆమెన్ అన్నారు.

ఇన్నేళ్లలో ఎన్నో ప్రార్థనలు చేశాను, చాలావరకు నేర్పుగానే చేశాను. ఇరవై రెండేళ్ల ఆ కుర్రాడు ఇప్పుడు ఎదురుపడితే నవ్వుతాను గానీ బుద్ధులు చెప్పను. కాఫీ ఇప్పించి, కాసేపు పక్కన కూర్చోమంటాను. ఇనప ముక్కకు కూడా స్వస్థత కలుగుతుందని నమ్మినవాడితో, తప్పు నాదేనని అంత తొందరగా చెప్పేసినవాడితో, నాకు ఇప్పుడు కొంచెం పని ఉంది, ఆ రెండూ మళ్లీ అడిగి నేర్చుకోవాలి.