గీజర్ ఆఫ్, పంపు ఆన్

మా మామగారు ఏ స్విచ్ నొక్కినా పైకి చెప్పి నొక్కేవారు. "గీజర్ ఆఫ్." "ఫ్యాన్ ఆఫ్." "మోటారు ఆన్." ఇంట్లో వినేవాళ్ళున్నా లేకపోయినా సరే. ఆయన ఇక్కడి పెద్ద ఇంజనీరింగ్ ప్లాంటులో ముప్పై నాలుగేళ్ళు ఫిట్టరుగా చేశారు. అంతంత యంత్రాల దగ్గర ఒకడు స్విచ్ వేసింది ఇంకొకడికి తెలియకపోతే చేతులు పోతాయి. అందుకని వాళ్ళ షాపులో పైకి చెప్పి నొక్కడం ఆచారం. రిటైరై పదేళ్ళయినా ఆయన పది వేళ్ళూ ఆయనకున్నాయి. ఇంటికి కొత్తవాళ్ళెవరొచ్చినా చేతులు చాపి ఆ సంగతి చూపించేవారు.

ఆ మాట ఆయన నోట్లో లేకుండా చేసింది నేను. చేపల తొట్టి కోసం చేశాను.

మాది హత్నూర దిక్కు వ్యవసాయం. ఇరవయ్యేడేళ్ళు వచ్చేదాకా నేను సముద్రం చూడలేదు. చూశాక ఏం పట్టిందో తెలియదు, పటేల్‌గూడలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో, హాల్లో, నాలుగడుగుల గాజు తొట్టిలో సముద్రాన్ని పెట్టుకున్నాను. ఉప్పు కలిపిన నీళ్ళు, బతికున్న పగడాలు, నారింజ మీద తెల్ల చారల చేపల జంట ఒకటి, నిమ్మపండు రంగు చేప ఒకటి. తొట్టి కింద కప్‌బోర్డులో ఇంకో చిన్న తొట్టి ఉండేది. అందులో హీటరు, నురుగు తీసే యంత్రం, కింది నీళ్ళు పైకి తోసే పంపు. మంచినీళ్ళ చేపలకు గిన్నెడు నీళ్ళు చాలు. ఇవి రాజుగారి సంతానం, ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే అలుగుతాయి.

మామగారు నరసాపురం దగ్గర సముద్రం ఒడ్డున పుట్టారు. మొదటిసారి తొట్టి చూసి, "అన్నీ బాగున్నాయి బాబూ, పులుసుకి పనికొచ్చేది ఒక్కటీ లేదు" అన్నారు. అత్తగారు పోయాక ప్లాంటు దగ్గరి అద్దె ఇల్లు వదిలి మా ఇంటికొచ్చారు. నేను బొల్లారంలో మందుల కంపెనీకి, నా భార్య స్కూలుకి పోతే పగలంతా తొట్టికి ఆయనే దిక్కు. ఒక మార్చిలో పంపు పట్టేసి ఆగిపోతే దాన్ని విప్పి, పాత టూత్‌బ్రష్‌తో, వెనిగర్‌తో లోపలి సున్నం గీకి నడిపించారు. మే నెలలో నీళ్ళు చల్లబరిచే యంత్రం చచ్చిపోతే రోజంతా తొట్టి పక్కన స్టూలు వేసుకుని, ఐసు నింపిన సీసాలు మారుస్తూ, టేబుల్ ఫ్యాన్ పట్టుకుని కూర్చున్నారు. సాయంత్రం నేను వచ్చేసరికి ఒక్క చేప చావలేదు. నేను థ్యాంక్స్ చెప్పలేదు. ఫ్యాన్ గాలికి ఉప్పు నీళ్ళు సోఫా మీద పడ్డాయని అన్నాను.

ఎందుకంత చేదు అంటే, పాత లెక్క ఒకటుంది. పెళ్ళిచూపులప్పుడు నేను "బస్సుకు వచ్చిన" అంటే ఆయన నవ్వి, "వచ్చాను అనాలి బాబూ" అన్నారు. చిన్న మాటే. నేను మాత్రం పన్నెండేళ్ళు దాచుకున్నాను. ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా ఆయన దిద్దిన తెలుగులోనే, అదో ఏడుపు.

నా ఉద్యోగం గురించి కూడా చెప్పాలి. కంపెనీలో ఎక్కడ ఏ తేడా జరిగినా కారణం తేల్చి కాగితం రాసేది నేను. ఒక ఫారం ఉంటుంది. ఎందుకు జరిగింది అని అడగాలి, వచ్చిన జవాబుకి మళ్ళీ ఎందుకు అనాలి, అలా ఐదుసార్లు. నిజంగా తవ్వితే ఐదో 'ఎందుకు' పైవాళ్ళ గదిలో తేలుతుంది. అందుకని అంత దూరం పోనివ్వం. మూడో దగ్గరే ఒక మనిషిని పట్టుకుంటాం. ఒకసారి బిహార్ కుర్రాడొకడు తప్పు వాల్వు తిప్పి సరుకు పాడుచేశాడు. ఆసిడ్ పొగకి వాల్వుల మీది నంబర్లు ఎప్పుడో చెరిగిపోయాయి, ఆ సంగతి అందరికీ తెలుసు. నేను రాసింది: మానవ తప్పిదం, మళ్ళీ శిక్షణ ఇచ్చాం. "గలతీ హో గయా సాబ్" అని తప్పు ఒప్పుకుని సంతకం పెట్టి పోయాడు. అలాంటివి నా బీరువాలో కట్టలు కట్టలున్నాయి.

అది డిసెంబరు. ఆదివారం సాయంత్రం తొట్టిలో కొంత నీరు తీసి కొత్త నీరు పోశాను. సోమవారం పొద్దున తొందరలో కప్‌బోర్డు తలుపు కూడా తెరవకుండా ఏడున్నర బస్సెక్కాను. మా కంపెనీలో ఫోన్లు గేటు దగ్గర లాకర్లో పెట్టాలి. సాయంత్రం తీసి చూస్తే మామగారివి మూడు మిస్డ్ కాల్స్, పదకొండున్నర ప్రాంతంలో.

ఇంటికొచ్చేసరికి వాసన. నిమ్మపండు చేప నీళ్ళ మీద పక్కకి ఒరిగి తేలుతోంది. చారల జంట రాళ్ళ సందున తెల్లగా అయిపోయింది. పగడాల ఒంటి మీది కండ ఊడి తొట్టి నిండా పీచులా తిరుగుతోంది. ఆరేళ్ళు పెంచాను వాటిని. మామగారు స్టూలు మీదే ఉన్నారు, చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసి.

"పదకొండింటికి చూస్తే చేపలు నోళ్ళు తెరుస్తున్నాయి బాబూ. చెయ్యి పెడితే నీళ్ళు వేడిగా ఉన్నాయి. మిషను తేడా చేస్తే ముందు ఆపాలి కదా అని పంపు ఆపేశాను, హీటరు ప్లగ్గు పీకేశాను. మీకు ఫోన్ చేశాను."

నాకు వినపడింది ఒక్కటే, పంపు ఆపేశాను అన్న మాట.

పంపు స్విచ్చు, బాత్‌రూం గీజరు స్విచ్చు హాల్లో ఒకే బోర్డు మీద పక్కపక్కన ఉంటాయి. అందుకే ఆయన రోజూ గీజరు ఆపాక, పక్కన పంపు స్విచ్చు వేసే ఉందని చూసి అదీ పైకి చెప్పేవారు. నా బుర్ర అప్పటికే ఫారం నింపేసింది. పొద్దున స్నానం చేసి వచ్చి, గీజరు అనుకుని పంపు ఆపారు. నీళ్ళు తిరగక చేపలు ఊపిరాడక చచ్చాయి. ముసలితనం.

నా భార్య అడ్డుపడింది. "నేను బయల్దేరేటప్పుడు విన్నానండీ. గీజర్ ఆఫ్, పంపు ఆన్ అని నాన్న రోజూ చెప్పినట్టే చెప్పారు."

"నోటితోని గట్లనే అన్నరు. చేతితోని వేరేది నొక్కిన్రు" అన్నాను.

ఆ మాటకి మామగారు తన చేతి వంక చూసుకున్నారు. అక్కడితో ఆపి ఉంటే మనిషినయ్యేవాణ్ణి. భోజనాల బల్ల తుడిపించి, బ్యాగులోంచి ఖాళీ ఫారం తీసి ఆయన ముందు కూర్చున్నాను.

"చేపలు ఎందుకు సచ్చినయి మామా?"

"నీళ్ళు వేడెక్కి."

"కాదు, గాలి అందక. రాసుకుంటున్న. గాలి ఎందుకు అందలే?"

"నీళ్ళు తిరగక."

"ఎందుకు తిరగలే?"

"పంపు ఆగి."

"ఎవరు బంద్ చేసిన్రు?"

"నేనే బాబూ. కానీ పదకొండు దాటాక..."

"ఎప్పుడని అడగలే మామా. ఎవరని అడిగిన."

ఆయన నెమ్మదిగా, "పొద్దునే ఆపానంటారా?" అన్నారు. అడుగుతున్నది నన్ను కాదు, తననే. నాకు ఆ క్షణంలో కలిగింది సంతోషం. దాన్ని ఇంకో పేరుతో పిలవలేను. పన్నెండేళ్ళకి ఆయన నా ముందు తడబడ్డారు.

"పొద్దున్నే. యాదికి లేదు మీకు, గంతే. ఈ వయసుల ఐతది."

మానవ తప్పిదం అని రాసి పెన్ను ఇచ్చాను. నా భార్య లోపలికి వెళ్ళిపోయింది. ఆయన కళ్ళద్దాలు తెచ్చుకుని, కాగితం మొత్తం చదివి, పూర్తి సంతకం పెట్టారు. జిరాక్సు ఒకటి కావాలని కూడా అడిగారు. ప్లాంటులో సంతకం పెట్టిన ప్రతి కాగితానికీ ఒక నకలు దగ్గర ఉంచుకోవడం ఆయన అలవాటు. మర్నాడు ఆఫీసులో తీయించి తెచ్చి ఇచ్చాను.

అదే మర్నాడు సాయంత్రం ముక్కుకి గుడ్డ కట్టుకుని తొట్టి ఖాళీ చేస్తున్నాను. కప్‌బోర్డు లోపల, పక్క చెక్కకున్న మేకుకి ఒక సన్నటి వైరు వేలాడుతోంది. దాని చివర వేలెడంత సెన్సారు. నీళ్ళలో మునిగి ఉండి, నీళ్ళ వేడి ఎంతో కొలిచి, చాలు అనుకున్నప్పుడు హీటరును ఆపేది అదే. ఆదివారం నీళ్ళు మార్చేటప్పుడు అడ్డంగా ఉందని నేనే బయటికి తీసి మేకుకి తగిలించాను. తిరిగి ముంచడం మర్చిపోయాను. పాపం అది రాత్రంతా డిసెంబరు గాలిని కొలిచింది. చలిగా ఉంది, ఇంకా కాచు, ఇంకా కాచు అని హీటరుకు చెబుతూ పోయింది. హీటరుకు సొంతంగా కూడా వేడికి హద్దు పెట్టే ఒక మర ఉంటుంది. సెన్సారు ఉంది కదా, రెండూ కొట్లాడుకుంటాయని దాన్ని చివరిదాకా తిప్పి పెట్టింది కూడా నేనే.

పై తొట్టి అద్దానికి ఇంకో చిన్న థర్మామీటరుంది, అత్యధిక వేడిని గుర్తుపెట్టుకునే రకం. బటన్ నొక్కితే ముప్పై ఏడు చూపించింది. పంపు పొద్దుటినుంచీ ఆగి ఉంటే కింద కాగిన నీళ్ళు పైకి ఎక్కేవే కావు. అంటే పదకొండున్నర దాకా పంపు నడిచింది. ఆయన చెప్పిన ప్రతి ముక్కా నిజం. గీజర్ ఆఫ్, పంపు ఆన్.

నేను మేకు మీంచి వైరు తీసి ఖాళీ తొట్టిలోకి జారవిడిచాను. థర్మామీటరు బటన్ రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటే అంకె చెరిగిపోయింది. చేతులు కడుక్కుని వచ్చి అన్నం తిన్నాను. మామగారు పప్పు గిన్నె నావైపు జరిపారు.

రేపు చెబుదాం అనుకున్నాను. రేపు చెబితే నిన్నెందుకు చెప్పలేదంటారు. అలా నాలుగు నెలలు. సిగ్గు ఒక్కటే కారణమంటే అబద్ధం. ఆయన అణిగి ఉండటం నాకు హాయిగా ఉంది. పేపరు ముందు నాకిచ్చేవారు. నా మాటకి అడ్డు చెప్పడం మానేశారు. స్విచ్చుల దగ్గర పైకి చెప్పడం కూడా మానేశారు, ఇల్లు ప్రశాంతంగా ఉందనుకున్నాను నేను.

తరువాత స్విచ్చులు ముట్టుకోవడమే మానేశారు. స్నానం చన్నీళ్ళతో చేసేవారు. గ్యాసు వెలిగించాల్సి వస్తుందని మధ్యాహ్నం కూర చల్లగానే తినేవారు. పాత దోస్తులు ప్లాంటు గేటు దగ్గర టీకి రమ్మంటే, దారిలో ఎక్కడైనా తప్పిపోతానేమోనని వెళ్ళలేదు. ఇంటి తాళంచెవి తీసుకొచ్చి నా చేతిలో పెట్టి, "మీ దగ్గరుంచండి బాబూ, నన్ను నమ్మకండి" అన్నారు. నేను తీసుకుని జేబులో వేసుకున్నాను.

ఏప్రిల్లో ఒక సాయంత్రం నేను, నా భార్య కింద గేటు దగ్గర కలిసి పైకి వచ్చాం. తలుపు దగ్గరకు వేసి ఉంది. లోపల చీకటి. ఇప్పుడు మేము ఇస్త్రీ బట్టలు పెట్టుకుంటున్న ఖాళీ తొట్టి పక్కన, స్టూలు మీద ఆయన. ఫ్యాన్ కూడా లేదు, బనీను చెమటతో ఒంటికి అంటుకుపోయింది.

"లైటెందుకు వేయలేదు నాన్నా?" అంటూ నా భార్యే వేసింది.

"మీరొచ్చి వేస్తారని" అన్నారు ఆయన. ఆపైన, "రేపు డాక్టరు ఎన్నింటికమ్మా?" అని అడిగారు.

నేను ఆమె వంక చూశాను. మతిమరుపుకి చూపించమని ఆయనే నెల రోజులుగా అడుగుతున్నారట. లింగంపల్లిలో టైము తీసుకుందట. "మిమ్మల్ని కూడా మర్చిపోకముందే చూపించుకుంటాను" అన్నారు ఆయన, మామూలుగా, రేషన్ కార్డు గురించి చెప్పినట్టు.

అప్పుడు చెప్పాను. నిలబడే చెప్పాను. మేకు, వైరు, థర్మామీటరు, ముప్పై ఏడు, అంకె చెరిపేయడం, అన్నీ. "మీరేం మర్చిపోలే మామా. తప్పు నాది. మీరు చెప్పిందే నిజం."

నా భార్య వెంటనే నమ్మింది. "నాలుగు నెలలు" అని మాత్రం అంది. ఇప్పటికీ ఆ సంగతి మీద నాతో ఆమె అన్న మాటలు ఆ రెండే.

మామగారు లేచి తన గదిలోకి వెళ్ళారు. పెట్టె తెరిచిన చప్పుడైంది. ప్లాస్టిక్ కవరులో మడత పడకుండా దాచిన జిరాక్సు తెచ్చి నాకు చూపించారు.

"ఇది నా సంతకమే కదా బాబూ. ముప్పై నాలుగేళ్ళలో చదవకుండా, నిజం కాకుండా నేను ఒక్క కాగితం మీద సంతకం పెట్టలేదు."

"నేను పెట్టించిన మామా."

ఆయన నా భుజం మీద చెయ్యేశారు. పన్నెండేళ్ళలో మొదటిసారి. "ముసలాడు బెంగపడుతున్నాడని నేరం మీ మీద వేసుకుంటున్నారు. మిమ్మల్ని నేను తక్కువగా అనుకున్నాను, క్షమించండి. మా అమ్మాయి అదృష్టవంతురాలు."

ఇంకా ఏదో చెప్పబోయాను. ఆయన వినలేదు, కాగితాన్ని మళ్ళీ కవరులో పెట్టుకుంటున్నారు. గదిలోకి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు.

"లైటు వేసుకోవచ్చా బాబూ?"

"వేసుకోండి మామా."

బోర్డు మీద వేలు పెట్టారు. నొక్కలేదు. నావైపు తిరిగి, "ఇదేనా?" అన్నారు.

అదే, అన్నాను.