చక్రాలు తిరుగుతున్న చప్పుడు

ఒట్టు వేయమంటే వేస్తాను గానీ, పిల్లల మీద ఒట్లు పెట్టడం నాకు ఇష్టం ఉండదు. నమ్మితే నమ్మండి. లేదంటే అలిసిపోయిన మనిషి, ఏదో కలగని ఉంటుందిలే అనుకోండి. మా ఆయన అలాగే అంటారు. కానీ ఆ రాత్రి ఆయన కూడా విన్నారు... అది మాత్రం ఒప్పుకోరు.

కొల్లేటి అంచున మేం లీజుకి తీసుకున్న రొయ్యల చెరువు ఉంది. ఇల్లు వట్లూరులోనే గానీ, రొయ్య ఎదిగే నెలల్లో మా కాపురమంతా ఆ గట్టు మీద వేసుకున్న షెడ్డులోనే. అది చాలదన్నట్టు మా తమ్ముడు ఒక పాత మినీబస్సు కొన్నాడు. లోపల మంచం, ఏసీ, చిన్న పొయ్యి పెట్టించి, ఇది క్యారవాన్ అన్నాడు. గూడబాతుల్ని చూడ్డానికి వచ్చేవాళ్లు నీళ్ల పక్కన పడుకోడానికి ఇష్టపడతారక్కా అని తెచ్చి మా గట్టు మీద పెట్టాడు. బస్సు వాడిది, చాకిరీ నాది. దుప్పట్లు ఉతకడం, చేపల పులుసు వండటం, బకెట్లతో నీళ్లు మొయ్యడం.

ఏరియేటర్ల గురించి కూడా చెప్పాలి, లేకపోతే మీకు అర్థం కాదు. రొయ్యకి నీళ్లలో గాలి చాలదు. అందుకని చెరువులో మోటారు చక్రాలు పెడతాం. వాటి రెక్కలు రాత్రంతా నీళ్లని కొడుతూనే ఉంటాయి. టప టప టప టప... ఆ చప్పుడు ఆగిందంటే, వెంటనే జనరేటర్ వేసుకోవాలి. ఆలస్యం చేస్తే తెల్లారేసరికి రొయ్యంతా చచ్చి గట్టుకి కొట్టుకొస్తుంది. అందుకే చెరువు మీద బతికేవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. ఆ చప్పుడు వింటూ నిద్రపోతాం. ఆగిన క్షణంలో మెలకువ వస్తుంది. అలారం అక్కర్లేదు.

ఎండలు ముదురుతున్న రోజులు. రొయ్యని పట్టి అమ్మే పట్టుబడి ఆ వారంలోనే. లారీకి చెప్పేశాం. అంతకు ముందు పంట తెగులొచ్చి పోయింది. ఇది కూడా పోతే చెరువు వదులుకుని, ఏలూరులో ఏదైనా కొట్లో పనికి కుదరాల్సిందే. ఆయనా నేనూ చాలా రోజులుగా వంతులేసుకుని కాపలా కాస్తున్నాం. సరిగ్గా అప్పుడే తాడేపల్లిగూడెం నుంచి ఒక లెక్చరర్ గారూ, ఆయన భార్యా క్యారవాన్‌లో ఉండటానికి వచ్చారు. చాలా మర్యాదస్తులు. ఈ చప్పుడుకి నిద్ర పడుతుందాండీ అని ఆవిడ అడిగితే, మాకు ఇది లేకపోతేనే పట్టదండీ అన్నాను.

ఆ రాత్రి వంతు నాది. ఆయన షెడ్డులో పడుకున్నారు. గిన్నెలు కడిగేసరికి నా నడుం విరిగిపోయింది. క్యారవాన్ పక్కన మడత మంచం వేసుకున్నాను. గాలి లేదు. ఉక్క. కళ్లు మండుతున్నాయి. కాసేపు నడుం వాలుద్దాం... చప్పుడు ఆగితే ఎలాగూ లేస్తాను కదా అనుకున్నాను.

టప టప టప టప...

ఎవరో భుజం తట్టారు. లెక్చరర్ గారి భార్య. చేతిలో విసనకర్ర. ఒళ్లంతా చెమట.

"ఏమీ అనుకోకండి, లేపుతున్నాను. ఏసీ ఆగిపోయిందండీ."

నాకు విసుగొచ్చింది, దాచుకోవడం ఎందుకు. మీ బస్సులో ఏదో స్విచ్చి పడిపోయుంటుంది, కరెంటు ఉందిగా, చక్రాలు తిరుగుతున్నాయిగా అన్నాను. ఆవిడ కూడా అదే అంది.

"మేమూ అలాగే అనుకున్నామండీ. చక్రాలు తిరుగుతున్నాయి కదా, మా ఒక్కరికే పోయిందేమోనని. చాలాసేపైంది. మీరు అలిసిపోయి పడుకున్నారు, లేపడమెందుకని ఊరుకున్నాం."

చాలాసేపైంది... ఆ మాట చెవిలో పడి అలాగే ఉండిపోయింది. షెడ్డు వైపు చూశాను. గుమ్మం ముందు రాత్రంతా వెలిగే బల్బు లేదు. పక్క చెరువు గట్టు మీద లైట్లు లేవు. అంతా చీకటి.

కానీ చప్పుడుంది. టప టప టప టప... రోజూ ఎలా ఉంటుందో అలాగే.

చెప్పుల్లేకుండా నీళ్ల దగ్గరికి నడిచాను. మట్టి వెచ్చగా ఉంది. ఆవిడ నా వెనకే వస్తోంది, విసనకర్ర కొంగులో దోపుకుని. టార్చి వేశాను... దగ్గర్లో ఉన్న మొదటి చక్రం మీదకి.

చక్రం తిరగడం లేదు.

దాని రెక్క మీద ఒక గుడ్డికొంగ కూర్చుని ఉంది. మెడ లోపలికి లాక్కుని నిద్రపోతోంది. చక్రం రెక్క ఆరిపోయి ఉంది. తడి కూడా లేదు. ఎంతసేపటి నుంచి ఆగిపోయిందో...

చప్పుడు మాత్రం వస్తూనే ఉంది. ఎడమ నుంచి అనుకుంటే కుడి నుంచి. దగ్గర్లో అనుకుంటే చెరువు మధ్యలోంచి. టార్చి రెండో చక్రం మీద వేశాను. కదలడం లేదు. నీళ్లు మాత్రం... ఎలా చెప్పను. గాలి లేని రాత్రి. అయినా నీళ్లు చిన్నగా వణుకుతున్నాయి. గట్టుకి వచ్చి తగులుతున్నాయి. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఏవండీ..." అని పిలిచాను. మళ్లీ పిలిచాను.

ఆయన షెడ్డులోంచి లుంగీ సర్దుకుంటూ వచ్చి, "ఏమైంది? తిరుగుతున్నాయిగా" అన్నారు. వినండి, ఆ మాట ఆయన నోట్లోంచే వచ్చింది. టార్చి చక్రం మీద పెట్టి చూపించాను. కొంగ లేచి ఎగిరిపోయింది. ఆయన ఒక్కసారి చూశారు. జనరేటర్ దగ్గరికి పరిగెత్తారు.

జనరేటర్ అందుకుంది. చక్రాలు కదిలాయి. కొత్త చప్పుడు పాత చప్పుడులో కలిసిపోయింది... పాతది ఎప్పుడు ఆగిందో నాకు తెలియలేదు. అసలు ఆగిందో లేదో కూడా.

తెల్లారేదాకా గట్టు మీదే కూర్చున్నాం. పొద్దున్నే చచ్చిన రొయ్యలు తేలతాయని ఆయన తల పట్టుకున్నారు. నాకు ఏడుపు కూడా రాలేదు, అంత అలిసిపోయాను. వెలుతురు రాగానే, రొయ్య ఎలా ఉందో చూసుకోడానికి నీళ్లలో వేలాడదీసే వల పళ్లేన్ని పైకి లాగారు. అందులో రొయ్యలు ఎగిరెగిరి పడ్డాయి. ఒక్కటి కూడా చావలేదు.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయిందని పొద్దున తెలిసింది. పక్క చెరువు వాళ్ల చక్రాల చప్పుడు వినిపించి ఉంటుందన్నారు ఆయన. వాళ్లదీ అదే ట్రాన్స్‌ఫార్మర్ కదండీ అన్నాను. అయితే కరెంటు పోయి ఎంతోసేపు కాలేదేమో అన్నారు. మరి కొంగ కూర్చున్న రెక్క ఎండిపోయి ఉందే అంటే, పని చూసుకో అని కసిరారు. లెక్చరర్ గారి భార్య వెళ్లేటప్పుడు, అంతా బాగుందండీ, మళ్లీ వస్తాం అంది. నా కళ్లలోకి చూడలేదు.

పట్టుబడి బాగా జరిగింది. చెరువు నిలబడింది. మళ్లీ చెరువులో రొయ్య పిల్ల వేశాం. రొయ్యని కాపాడింది ఏదైనా సరే, దానికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. దాన్ని తలుచుకుంటే భయం కూడా వేస్తుంది. రెండూ నిజమే.

కానీ నా నిద్ర పోయింది. ఇదివరకు చప్పుడు ఆగితే లేచేదాన్ని. ఇప్పుడు చక్రాలు చక్కగా తిరుగుతున్నట్టు వినిపిస్తుంటే లేస్తున్నాను. టార్చి పట్టుకుని నీళ్ల దగ్గరికి వెళ్లి, నిజంగా తిరుగుతున్నాయో లేదో చూసి వస్తాను. వచ్చి పడుకుంటాను. మళ్లీ వినిపిస్తుంది... మళ్లీ లేస్తాను.