ఓస్మున్ ఇచ్చిన తోడు

ఓస్మున్ మా పక్కింటాయన. పక్కిల్లంటే మా పొలం దాటి, వాగు మీద రెండు దూలాల వంతెన దాటితే వచ్చే ఒంటిగది కొంప. సొంత పొలం లేదు, ఆవు లేదు, పెళ్లీ చేసుకోలేదు. ఏటిలో కలప దుంగలు తేల్చి పంపే పనిలో నలభై ఏళ్లు తడిసి మోకాళ్లు పోగొట్టుకున్నాడు. చెల్లెలు బతికున్నన్నాళ్లూ ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ హాయిగా కాలం గడిపారు. ఆవిడ పోయాక ఆయన తిట్టుకోడానికి మేం మిగిలాం.

అంత లేనివాడికీ ఒకటి మాత్రం ఉంది. వాళ్ల పొయ్యి పైన మేకుకు ఒక చెక్క దండ వేలాడేది. చిన్న చిన్న పుల్లల్ని గొలుసులా కూర్చిన దండ. దాని సందుల్లో బీరు పొంగడానికి వేసే తోడు ఎండి పెచ్చులు కట్టి ఉండేది. అది వాళ్లమ్మ నుంచి వచ్చింది, ఆవిడకు వాళ్లమ్మ నుంచి. మా లోయలో పెళ్లయినా చావైనా, ఎవరింట బీరు కాచినా ఆ తోడే పడేది. ముక్కు దగ్గర పెట్టుకుంటే నారింజ తొక్క వాసన. తీసుకున్నవాళ్లు థాంక్స్ చెప్పకూడదు, చెబితే తోడు చచ్చిపోతుందని మావాళ్ల నమ్మకం. కొత్త బీరు నురగ దండకు పట్టించి తిరిగి ఇచ్చేస్తే చాలు.

పట్నంలో సీసాలు దొరకడం మొదలయ్యాక ఒక్కొక్కరే కాచడం మానేశారు. మా నాన్న మానలేదు, కానీ నాకు నేర్పకుండానే పోయాడు. నేర్పలేదంటే అబద్ధం. ఆయన బీరు కాచే రోజున నేనే ఎక్కడో ఏదో పని కల్పించుకుని పోయేవాణ్ని.

నాన్న పోయిన మూడో ఏడు, డిసెంబర్ మొదట్లో, ఓస్మున్ దండను గుడ్డలో చుట్టుకుని మా వంటింట్లోకి వచ్చాడు.

"ఒరే ఐవిండూ, ఈ చేతులు చూడు," అన్నాడు. రెండూ వణుకుతున్నాయి. "గరిటె పట్టుకుంటే సగం పొయ్యిలో, సగం నా ప్యాంటు మీద. ఈ క్రిస్మస్‌కి నువ్వు కాయి."

"నాకు రాదు పెద్దాయనా. సీసాలు తెచ్చుకుంటాంలే."

"సీసాలా! నేను పోయిన రోజున కూడా సీసాల మూతలే తీస్తావా?"

మా దగ్గర మనిషిని పూడ్చి వచ్చాక, ఆ మనిషి కోసం ఇంట్లో కాచిన బీరు తాగుతూ కూర్చోవడం మర్యాద. కొడుకు కాయాలి, లేదా అల్లుడు. ఓస్మున్‌కు ఇద్దరూ లేరు.

"నా చావు బీరు మా అమ్మ తోడుతోనే పొంగాలి. కాయాల్సింది నువ్వు," అన్నాడు. "అందుకే ఇప్పుడు నేర్చుకో. క్రిస్మస్‌కి చెడగొడితే నవ్వుకుంటాం. నా చావుకి చెడగొట్టావంటే లేచొస్తా."

నా భార్య సున్నివా పడీపడీ నవ్వింది. "రండి పెద్దాయనా, లేచొస్తే కాఫీ పెడతాను."

"కాఫీ కోసం ఎవరు లేస్తారే! ఒరే, విను. దండ మీంచి సగమే గీకి వెయ్యి. మొత్తం ముంచావంటే చంపేస్తా. వేడి మోచేత్తో చూడు, దూడకు పట్టే పాలంత ఉండాలి. చెయ్యి పెట్టకు. చలికాలంలో చెయ్యి అబద్ధం చెబుతుంది. తోడు వేసేటప్పుడు అది మేలుకునేలా గట్టిగా కేక వెయ్యాలి. నేను కిటికీ తీసుకుని కూచుంటా."

"మీరే వచ్చి పక్కనుండొచ్చుగా?"

"నేనుంటే నువ్వు నన్ను చూస్తావు, బీరును చూడవు."

ఆ శనివారం తెల్లారకముందే లేచాను. తొట్టి అడుగున జూనిపర్ అనే ఘాటు వాసన పొద కొమ్మలు పరిచి, పైన మొలకెత్తించి ఎండబెట్టి ఆడించిన బార్లీ పోసి, జూనిపర్ మరిగించిన నీళ్లు పోశాను. మధ్యాహ్నానికి కింది బెజ్జంలోంచి తీపి కషాయం దారంలా దిగింది. దాన్ని రాగి కాగులో కట్టెల మంట మీద నాలుగు గంటలు మరిగించాను. నిజం చెప్పాలంటే, అప్పటిదాకా అంతా బాగా చేశాను. నాన్న చూసి ఉంటే మెచ్చుకునేవాడే.

చల్లార్చే దగ్గర చెడింది. కషాయాన్ని పాల క్యాన్లలో పోసి వాగులో నిలబెట్టాను. అంచున మంచు పేరుకున్న నీళ్లలో క్యాన్లు తిప్పీ తిప్పీ చేతులు మొద్దుబారిపోయాయి. చొక్కా మీద ఉన్ని స్వెట్టర్, దాని మీద కోటు. మోచేయి బయటికి తీయాలంటే అన్నీ విప్పాలి. ఆ చలిలో ఎవడు విప్పుతాడు? చెయ్యి పెట్టాను. దానికి ఏమీ తెలియలేదు. ఏమీ తెలియలేదు కాబట్టి సరిగ్గా ఉందనుకున్నాను. కషాయాన్ని కడిగిన తొట్టిలో పోసి, గీకడానికి వేళ్లు వంగక దండ మొత్తాన్నీ ముంచేశాను.

కేకా వెయ్యలేదు. వంటింటి కిటికీలోంచి సున్నివా, పిల్లలు చూస్తున్నారు. తొట్టి ముందు నిలబడి కోడిపుంజులా అరవడానికి నామోషీ అనిపించింది.

మర్నాడు నురగ లేదు. ఆ మర్నాడూ లేదు. తొట్టి మీద వంగితే బురదనీళ్లలో లాగా నా ముఖమే కనపడింది. దండ తీసి వాసన చూశాను. ఉడికిన జావ వాసన.

"వెళ్లి చెప్పు," అంది సున్నివా.

"రేపు చెబుతాలే."

ఆ రేపు వచ్చేసరికి పట్నం పోయాను. కోత మిషన్‌కి బోల్టు కావాలని ఇంట్లో చెప్పి, రొట్టెల్లో వేసే ఈస్టు పొట్లాలు తెచ్చాను. ఆ సాయంత్రానికే బీరు బుసబుసా పొంగింది. ఆ నురగనే దండకు పట్టించి పొయ్యి మీద ఆరేస్తుంటే సున్నివా నా వెనకే నిలబడింది.

"ఆయన దండకి ఆ పొట్లాల సరుకు పూస్తున్నావా?"

"ముసలాయన. ఆయనకేం తెలుస్తుంది?"

ఈ మాట అన్నది నేనే. పరువు కోసం అన్నాను. ఫలానావాడి కొడుక్కి తోడు వెయ్యడం కూడా రాలేదని లోయంతా అనుకుంటుందని భయపడ్డాను.

క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు తోమాసు పండుగ. ఆరోజు ఇంటింటికీ తిరిగి బీరు రుచి చూడటం మా అలవాటు. ఇరుగుపొరుగు పదిమందీ మా బల్ల చుట్టూ కూర్చున్నారు. పెద్ద కుర్చీలో ఓస్మున్. ఎక్కడికెళ్లినా తలుపు దగ్గర బల్ల మీద కూర్చునేవాడు, బీరు రుచి చూసే రోజు మాత్రం పెద్ద కుర్చీ ఆయనదే. గిన్నె ఎత్తి ఒక గుక్క తీసుకుని చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు.

"కేక వినపడలేదురా," అన్నాడు.

"గాలి అటు వీచిందేమో."

ఆయన తలూపాడు. అందరికీ వినపడేలా, "బీరు బాగుంది. వాళ్ల నాన్న చెయ్యి వచ్చింది వీడికి," అన్నాడు. నేను దండ ఇచ్చాను. ఒక్కసారి వాసన చూసి, గుడ్డలో మెల్లగా చుట్టుకుని లేచాడు. గిన్నెలో బీరు అలాగే ఉంది. ఆయన వంతెన దాటేదాకా చూసి, అమ్మయ్య అనుకున్నాను.

ఆ చలికాలమంతా ఆయన వైపు వెళ్లకుండా తప్పించుకు తిరిగాను. మార్చిలో ఓస్మున్ నిద్రలోనే పోయాడు. నేల గడ్డకట్టి ఉంది, పూడ్చడానికి పది రోజులు పడుతుందన్నారు. రెండో రోజున లోయలోని సరస్సు అవతలి ఒడ్డు నుంచి గురో వచ్చింది. ఓస్మున్ ఈడుదే. కోటు లోపలి నుంచి ఒక నారగుడ్డ తీసి బల్ల మీద పరిచింది. గుడ్డ నిండా ఎండిన తోడు. వంటిల్లంతా నారింజ తొక్క వాసన కొట్టింది.

"వాళ్లమ్మ మా అమ్మకిచ్చింది. దాచుకున్నా," అంది. "జనవరిలో వచ్చాడు నాయనా, గడ్డకట్టిన సరస్సు మీద నడుచుకుంటూ, ఆ మోకాళ్లతో. వచ్చి ఏమన్నాడో తెలుసా? 'గురో, నా తోడు నేనే చంపుకున్నాను. కాగుతుండగా వేసేశాను. నీ దగ్గర ఉంటే, నేను పోయాక ఐవిండ్‌కి ఇయ్యి. వాడు కాస్తాడు' అన్నాడు. నమ్మబుద్ధి కాలేదు. ఓస్మున్ ఏంటి, తోడు కాల్చుకోవడమేంటి! మా ఒడ్డున అందరూ ఒకటే నవ్వు."

సున్నివా గిన్నెలు కడుగుతున్నదల్లా ఆగిపోయింది. ఇప్పుడు చెప్పేయాలి అనుకుని నోరు తెరిచాను.

"అలాగే, కాస్తాను," అన్నాను.

ఆ మర్నాడే కాచాను. ఈసారి వాగు ఒడ్డున కోటు, స్వెట్టర్, చొక్కా అన్నీ విప్పి మోచేయి ముంచాను. చల్లారేదాకా మూడుసార్లు విప్పాను, మూడుసార్లు తొడుక్కున్నాను. గుడ్డలోని తోడులో సగమే విదిలించాను. కేక వేశాను. గొంతు చిరిగేలా వేశాను. పిల్లలు నవ్వలేదు. వాగు అవతల కిటికీ మూసే ఉంది.

పూడ్చి వచ్చాక అందరూ మా ఇంట్లోనే కూర్చున్నారు. పెద్ద కుర్చీ ఖాళీగా ఉంచాం. ఉత్తరాలు పంచే హెర్మన్ నోరు ఊరుకోదు.

"పాపం ఓస్మున్! జన్మంతా మనకు మోచేయి, మోచేయి అని పాఠాలు చెప్పి, ఆఖరికి తన తోడు తనే ఉడకబెట్టుకున్నాడు!"

బల్ల చుట్టూ నవ్వులు. నేనూ నవ్వాను. నా నవ్వు నాకే వినపడింది. సున్నివా నవ్వకుండా నా వంక చూస్తోంది.

చావు బీరు కాచినవాడే మొదటి గిన్నె పట్టుకుని పోయినవాడి గురించి ఒక మాట చెప్పాలి. ఆ తర్వాత గిన్నె చుట్టూ తిరుగుతుంది. ఆఖరి గుక్క మళ్లీ కాచినవాడిదే. నేను లేచాను. రాత్రంతా కూర్చుని మంచి మాటలు కూర్చుకున్నాను, ఒక్కటీ గుర్తు రాలేదు.

"తోడును ఓస్మున్ చంపలేదు," అన్నాను. "నేను చంపాను. చంపి, దండకు రొట్టెల ఈస్టు పూసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన వాసన చూశాడు. ఆయనకు తెలుసు. తెలిసే నా తప్పు తన మీదేసుకుని సరస్సు దాటాడు. జనవరి నుంచి మీరంతా ఆయన్ని చూసి నవ్వారు. ఇందాక నేనూ నవ్వాను."

హెర్మన్ బల్ల మీద గీతలు చూస్తున్నాడు. మా నాన్న స్నేహితులు ఇద్దరు నా ముఖం చూడలేక కిటికీ వైపు తిరిగారు. నేల చీలితే అందులో పడిపోదును. గురో లేచి నా చేతిలోంచి గిన్నె తీసుకుంది. తాగింది. పక్కవాళ్లకు అందించింది.

గిన్నె బల్ల చుట్టూ తిరిగి నా దగ్గరికి వచ్చింది. అడుగున గుక్కెడు ఉంది. తాగాను. ముప్పై నాలుగేళ్లుగా ఆ లోయలో ఉండి, ఆ తోడు ఎంత మంచిదో ఆరోజే మొదటిసారి మనసు పెట్టి రుచి చూశాను.

తోడు ఇచ్చినవాళ్లకు థాంక్స్ చెప్పకూడదు. నేను ఆయనతో 'నన్ను క్షమించు' అని కూడా అనలేదు. దానికి మా దగ్గర ఏ నమ్మకమూ అడ్డు లేదు, దాటాల్సిన వంతెన కూడా రెండు దూలాలంతే.