సాంచాల చప్పుడుకు నిద్రపోయే పిల్ల

దయ్యాల కథలు చెప్పుకునే చోట మావాళ్లు నన్ను కూర్చోనివ్వరు. ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి చూశారు, అప్పుడు లైటు ఉందా లేదా అని అడిగి కథ చెడగొడతానని వాళ్ల కోపం. సూరత్‌లో పవర్‌లూమ్ మగ్గాల మీద చాలా ఏళ్లు పనిచేసి, తర్వాత సూపర్‌వైజరునై రిటైరయ్యాను. రోజూ డైరీ రాయడం పనిలో చేరినప్పటి నుంచి అలవాటు. కంటికి కనిపించని వాటి మీద నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదనే అనుకుంటున్నాను.

స్వరూప మా తమ్ముడి కూతురు. తల్లీతండ్రీ లేరు. భర్త జబ్బుచేసి పోయాడు. రెండున్నరేళ్ల పాప ఆద్యను పెట్టుకుని ఉధ్నా వైపు ఒక గల్లీలో మేడమీది గదిలో అద్దెకుంటోంది. ఆ గది కింద ఖాతా ఉండేది. సాంచాలు, అంటే మగ్గాలు, నడిచే షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు.

మొదట్లో స్వరూప చీరలకు రాళ్లు అంటించే పని ఇంటికే తెచ్చుకుంది. పిల్లను చూసుకుంటూ చేసుకోవచ్చు కదా అనుకున్నాం. ఒకరోజు పాప ఒక రాయిని ముక్కులో పెట్టుకుంది. దవాఖానాలో తీయించుకొచ్చిన సాయంత్రమే స్వరూప చీరల మూట వాపసు ఇచ్చేసింది.

ఆ తర్వాత ఎక్కడికి పోయినా ఒకటే ప్రశ్న, పిల్లను ఎవరు చూస్తారని. కుట్టుమిషన్ల యూనిట్లో అడిగారు, బట్టల మార్కెట్లో అడిగారు. వరాఛాలో ఎవరింట్లోనో వంటపని ఉందంటే పోయింది. మనిషి నచ్చింది కానీ పిల్లను వెంట తేవద్దన్నారు. అంగన్‌వాడీ మధ్యాహ్నానికే అయిపోతుంది. అక్కడి నుంచి సాయంత్రం దాకా పిల్ల ఎక్కడుండాలి?

చివరికి ఒక చీరల ప్యాకింగ్ యూనిట్లో వారం రోజులు పని చూస్తామన్నారు.

“శేఠ్ ఒక్కటే చెప్పిండు పెద్దబాపూ. పిల్ల ఏడుస్తుందని ఒక్క ఫోనొచ్చినా సంచి తీస్కొని అట్లనే ఇంటికి పొమ్మన్నడు. నాకంటె ముందు చేసినామె గట్లనే పోయిందంట.”

“నేను లేనా బిడ్డా.”

“నువ్వున్నవు. మరి నిన్నెవరు చూడాలె?”

ఆ మాటా నిజమే. నాకు షుగరుంది. మోకాళ్లు సహకరించవు. అయినా అడాజన్‌లోని మా కొడుకు ఇంటి నుంచి రోజూ బస్సులో వచ్చి, అంగన్‌వాడీ నుంచి పాపను తెచ్చి, అన్నం తినిపించి, స్వరూప వచ్చేదాకా ఉండేవాణ్ని.

అసలు కష్టం ఎక్కడొచ్చిందంటే, అప్పటికే కింద ఖాతా మూతపడింది. ఓనరు సాంచాలన్నీ భంగార్‌కు, అంటే పాత ఇనుముకు, అమ్మేశాడు. లారీకి ఎక్కిస్తుంటే నేను నిలబడి చూశాను. పాప పుట్టినప్పటి నుంచి ఆ మోతలోనే పడుకుంది. ఖాతాల దగ్గర పెరిగే పిల్లలు అంతే. మోత నడుస్తుంటే నిద్రపోతారు, ఆగితే ఉలిక్కిపడి లేస్తారు. సాంచాలు పోయాక ఆద్యకు మధ్యాహ్నం నిద్ర కూడా పోయింది. గుక్కపట్టి ఏడ్చేది.

పక్కగదిలో ఉండే ఆమె గుమ్మంలోకొచ్చి, “పిల్లను ఊకోబెడ్తవా తాతా, లేకుంటె స్వరూపకు ఫోన్ కొట్టాల్నా?” అనేది. సాయం చేద్దామనే ఆమె అనేది. నేను మాత్రం ఆమె చేతిలో ఫోను కనబడితే చాలు, పాపను ఎత్తుకుని గదిలోకి పోయేవాణ్ని.

పని చూస్తామన్న ఆ వారంలో చివరి రోజు అది. పాప మారాం చేయకుండా తిని, చాప మీద పడుకోగానే నిద్రపోయింది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. కాసేపటికి చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. షుగరు పడిపోతే నాకు అట్లాగే అవుతుంది. లేచి డబ్బాలన్నీ చూశాను. చక్కెర లేదు, బెల్లం లేదు. పక్కగదికి తాళం వేసి ఉంది. నేను అక్కడే పడిపోతే ఎవరో ఒకరు స్వరూపకు ఫోను చేస్తారు. ఆ పని పోతుంది. నా మనసులో ఉన్నది అదొక్కటే.

కిరాణా కొట్టు గల్లీ మొదట్లోనే ఉంది. తలుపుకు బయట గొళ్లెం విరిగిపోయింది. దగ్గరకు లాగి దిగాను. ఇనుప మెట్లు, ఒకపక్క పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అయినా నాకు భయం వేయలేదు. కింద సాంచాలు నడుస్తున్నాయి, లోపల మనుషులుంటారు, పిల్ల లేవదు అనుకున్నాను. బతుకంతా మోతలో గడిపిన వాడికి మోత వింతగా అనిపించదు.

కొట్టతను మా వైపు మనిషే. బిస్కెట్ ప్యాకెట్ విప్పి రెండు తిన్నాక అడిగాను. “ఖాతా మళ్ల ఎవరు తీసుకున్నరు?”

“ఏ ఖాతా?”

“గదే, స్వరూప కింద. సాంచాలు నడుస్తున్నయి గదా.”

“ఏంది తాతా, ఎండదెబ్బ గిట్ల తగిలిందా? అండ్ల సాంచాలెక్కడియి, భంగార్ల వోయినయి గద.”

ప్యాకెట్ జేబులో పెట్టుకున్నాను. వెనక్కి నడిచాను. మోత ఇంకా వినబడుతూనే ఉంది. నేను మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే ఆగిపోయింది. ఖాతా షట్టరుకు తాళం వేసే ఉంది.

మోత ఆగితే పాప లేస్తుంది. పైకెక్కాను. తలుపు బార్లా తెరిచి ఉంది. పాప గడప మీద కూర్చుని ఉంది. దాని ముందు రెండడుగుల్లో మెట్లు. అది ఏడవడం లేదు. కాలికి కట్టిన దారాన్ని లాగుతూ ఆడుకుంటోంది.

మా వాళ్లలో ఒక అలవాటుండేది. కండెలకు నూలు చుట్టే తల్లులకు చెయ్యి ఖాళీ ఉండదు కనుక, మిగిలిపోయిన పడుగు పోగుల్ని, అంటే మగ్గానికి నిలువుగా ఎక్కించే దారాల్ని, మెత్తగా పేని పిల్ల కాలికి కట్టి, రెండో కొస గుంజకు కట్టేవాళ్లు. ఒరుసుకోకుండా వేలు పట్టేంత వదులుగా. ఆద్య కాలికి ఉన్నది అదే. రెండో కొస లోపల కిటికీ ఊచకు ఉంది. దారం సరిగ్గా గడప దాకానే వచ్చింది. ముడి, పోగు తెగినప్పుడు మగ్గం దగ్గర మేం వేసే చిన్న ముడి.

ఎవరు కట్టారని పాపను అడిగాను. విప్పమన్నట్టు కాలు ముందుకు చాపింది.

తర్వాత మా డాక్టరుకు చెప్పాను. షుగరు పడిపోతే చెవుల్లో మోత రావచ్చన్నాడు. ఒప్పుకున్నాను. వణికే చేతులతో నేనే కట్టి మరిచిపోయానేమో అని కూడా ఆలోచించాను. కానీ ఆ గదిలో చీరల పనే తప్ప నేతపని ఎప్పుడూ లేదు. పడుగు పోగులు ఎక్కడివి? గల్లీలో అందరినీ అడిగాను. ఎవరూ పైకి రాలేదన్నారు.

ఆ రోజు సాయంత్రం స్వరూప వచ్చింది. పని ఖాయం చేశారని గుమ్మంలోనే చెప్పింది. దాచడం నా వల్ల కాలేదు, జరిగిందంతా చెప్పాను. గది ఖాళీ చేస్తానంటుందని, పని మానేస్తానంటుందని అనుకున్నాను. ఆమె దారం చేతిలోకి తీసుకుని ముడిని చాలాసేపు చూసింది. పాప కాలు తడిమి చూసింది. ఎక్కడా కందలేదు.

“ఎవరో ఏందో గని పెద్దబాపూ,” అంది, “రేపు సుత వస్తరంటవా?”

నవ్వుతోందేమోనని ముఖంలోకి చూశాను. నవ్వడం లేదు. జవాబు కోసం చూస్తోంది. ఆ రాత్రి డైరీలో ఆమె అడిగిన మాట ఒక్కటే రాసుకున్నాను.