మూడు గంటల ఇరవై రెండు నిమిషాలు

సముద్రతీరపు నగరం స్ఫాక్స్‌లో మా ఆఫీసు పాత రికార్డింగులను కొత్త డిస్కుల్లోకి ఎక్కించే చిన్న సంస్థ. కాపీ చేసే ప్రోగ్రాములను పరీక్షించి, సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టడం నజీహా కత్తారి పని. ఆమె పక్క బల్ల నాది. ఆమె యాభై దాటిన మనిషి, పెళ్లి చేసుకోలేదు, తప్పు పట్టడంలో దిట్ట. ఆమె సంతకం ఉందంటే మేం ఇంక చూసేవాళ్లం కాదు.

మా దగ్గరికి వచ్చే డిస్కులు ఆరు రకాల ఫైల్ సిస్టమ్‌లవి. డిస్కులో ఫైళ్లను సర్దుకోవడంలో ఒక్కోదానిది ఒక్కో పద్ధతి. ప్రతిదాన్నుంచి ప్రతిదానికీ కాపీ చేసి చూడాలంటే ముప్పై ఆరు పరీక్షలు. ఆ ఏడాది రంజాన్‌లో కెర్కెన్నా దీవుల వాళ్లు చెప్పుకున్న జీవితకథల రికార్డింగుల పని వచ్చినప్పుడు ఆమె ఆరే చేసింది. ఏ ఫైల్ సిస్టమ్‌కి ఆ ఫైల్ సిస్టమ్ లోపలే కాపీ చేసి చూసింది. ఆరూ నెగ్గాయి.

"కాపీ అంటే కాపీయే కదమ్మా! ఇక్కడైతే ఒకలా, అక్కడైతే ఒకలా ఉంటుందా?" అన్నాడు మా యజమాని ఫౌజీ. నజీహాకి ఉపవాసం, తలనొప్పి, ఇఫ్తార్‌కి ఇంటికి చేరాలన్న తొందర. నజీహా సంతకం పెట్టేసింది. కాపీ అయ్యాక పాత డిస్కులు చెరిపేసి వేరే పనికి వాడేశాం.

జూన్‌లో దీవి నుంచి ఫోన్ వచ్చింది. బేయా అనే ముసలావిడ. ఆమె భర్త రయీస్ సాదోక్ పడవ యజమాని. సముద్రంలో ఖర్జూర మట్టలు గుచ్చి చేపలకు దడి కట్టే విద్య ఆయనది. చలికాలంలో పోయాడు. పోయే ముందు ఏడాది, రికార్డు చేసే యంత్రం ఎదురుగా కూర్చుని, ఒక్కో రోజు గంటో రెండో, ఒక్కో రోజు నాలుగైదు గంటలు తన జీవితం చెప్పాడు. వాటి నకళ్లు బేయాకి పంపించాం.

"చివరి రోజుది ఆయన మాట మధ్యలో ఆగిపోయింది తల్లీ. అలిసిపోయి ఆపేశాడా ఏంటి?"

నజీహా మా దగ్గరున్న ఫైలు తెరిచింది. మూడు గంటల ఇరవై రెండు నిమిషాల దగ్గర ఆగింది. ఇంకో పొడుగు రికార్డింగు తెరిచింది. అదీ అక్కడే. మొత్తం పదకొండు, అన్నీ ఆ నిమిషంలోనే.

"ఎంత పని చేశాన్రా" అంది నాతో.

కాపీ చెయ్యమని ప్రోగ్రాము అడిగితే కంప్యూటర్ మూలవ్యవస్థ ఒక్కో విడతకి కొంత మేరకే, రెండు గిగాబైట్లకి కాస్త తక్కువే మోస్తుంది; మా రికార్డింగుల్లో అది మూడు గంటల ఇరవై రెండు నిమిషాలు. ఇంత మోశాను అని జవాబూ చెబుతుంది. మిగతాదాని కోసం మళ్లీ అడగాలి. మా ప్రోగ్రాము ఆ జవాబు చదవలేదు. ఒకే ఫైల్ సిస్టమ్ లోపలైతే మూలవ్యవస్థ వేరే దారిలో ఫైలు మొత్తం ఒకేసారి అందించేది, అందుకే ఆ ఆరూ నెగ్గాయి. ఆ వారమే నజీహా మిగిలిన ముప్పై పరీక్షలూ చేసింది. పెద్ద ఫైలు పెట్టిన ప్రతిసారీ తోక తెగింది. పాత డిస్కుల్లో వెతికితే వాటి మీద అప్పటికే వేరేవి రాసేశారు.

"యంత్రం లోపమని ఉత్తరం రాసి పారేద్దాం" అన్నాడు ఫౌజీ.

"యంత్రం నిజమే చెప్పింది సార్. విననిది మనం. సంతకం నాది, నేనే వెళ్తా."

ఫెర్రీలో ఆమెతో నేనూ వెళ్లాను. బేయా మాకు బార్లీ రొట్టె, కాల్చిన ఆక్టోపస్ పెట్టింది. నజీహా రొట్టె ముట్టలేదు.

"పెద్దమ్మా, ఆయన ఆపలేదు. మాట్లాడుతూనే ఉన్నారు. మేమే కోసేశాం. నేను చూడాల్సింది చూడకుండా సంతకం పెట్టాను. ఇంక తిరిగి రాదు."

బేయా చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"మా పిల్ల ఆ దడి దగ్గరే మునిగిపోయింది. ఏడేళ్లది. నలభై ఏళ్లలో ఆయన నాతో ఒక్క ముక్క అనలేదు. ఆ చివరి రోజు మాత్రం, గంటలు గడిచాక ఆఖర్న, ఆ యంత్రానికి పిల్ల పేరు చెప్పి మొదలెట్టాడు. నేను వినలేక వంటింట్లోకి పోయా. ఎక్కడికి పోతుంది, పెట్టెలో ఉంటుంది కదా, గుండె గట్టిపడ్డాక వింటాలే అనుకున్నా."

నజీహా ఆమె పాదాల దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. బేయా తిట్టలేదు, ఓదార్చలేదు. చివరికి, "తినమ్మా, చల్లారిపోతోంది" అంది.

ప్రోగ్రాము సరిచేశారు. మూడు నెలల తర్వాత దీవికి మళ్లీ వెళ్లొచ్చిన నజీహా నా బల్ల దగ్గర నిలబడింది.

"అక్కడ పక్కింటావిడ చెప్పింది. ఇదివరకు బేయా రోజూ సాయంత్రం ఆయన గొంతు పెట్టుకునేదట. మనం మొదటిసారి వెళ్లొచ్చిన రోజు నుంచి పెట్టడం మానేసిందట. ఆయన అలిసిపోయి ఆపేశాడనే ఆమెని అనుకోనిస్తే సరిపోయేదేమో కదరా?"

ఆమె వెళ్లి తన కుర్చీలో కూర్చుని, ఆ రోజు ముప్పై ఆరు పరీక్షల్లో మొదటిది తెరిచింది.